సదానందం గడ్డకట్టిచ్చిన గాలి

వరంగల్ కాశిబుగ్గల రయీస్ చాయ్ దుకాణం ముందు సదానందం కూసున్నడంటే నలుగురు చేరుతరు. హసన్‌పర్తి దిక్కు ఒక కాలేజీల ల్యాబ్ అటెండర్ ఆయన.

“నేను పెద్ద పనేం జెయ్యలే, ఒక్క నట్టు తిప్పిన, అంతే. మా పీహెచ్‌డీ పిల్ల నవ్య మేడం లేదా, ఆర్గాన్ గ్యాసును సూదిబెజ్జమంత సందులకెళ్లి గాలి గుంజేసిన డబ్బాలకు వదుల్తది. ఎందుకంటరా? జాతరల గేటు కాడ జనం తోసుకుంటరు గదా. గేటు దాటినంక అందరు ఒక్కదిక్కే, ఒక్కతీరుగ నడుస్తరు, పక్కోని చెయ్యి పట్టుకోవచ్చు. గ్యాసు గూడ గంతే. బయటవడంగనే సల్లవడ్తది, పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకొని గుంపులైతయి. కని నెలలసంది ఒక్క గుంపు కట్టలే. ఆమె గైడు సారేమో టాపిక్ మార్చుకొమ్మన్నడు. పిల్ల మొఖం సూడలేక నేనే పోయి ప్రెషర్ నట్టు జర తిప్పిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఆవగింజంత గడ్డ. ఇంకింత తిప్పిన, నిమ్మకాయంత.”

కండ్లకు కనబడ్డదా కాకా అని రయీస్ అడిగిండు.

“కనబడుడేంది, అద్దానికి తగిలి టంగుమన్నది. ఇంకో చుట్టుకు గుమ్మడికాయంతయింది, అద్దం పలగ్గొట్టుకొని మెట్లు దిగి దొర్లవట్టె, నేనెంబడి వడ్డ. పోయి చెరువుల వడ్డది. చెరువంత గడ్డకట్టింది, బర్రెలు నిలవడ్డకాడ్నే నిలవడ్డయి. నడి ఎండకాలం ఖిలా వరంగల్ తోరణాల మీద మంచు, ఊరంత స్వెట్టర్లు. నేనొచ్చి నట్టు ఎనకకు తిప్పితె గని ఎండ రాలే.”

చాయ్‌కొచ్చిన నవ్య ఎనక నిలవడి అంత ఇన్నది.

“ఆ గుంపులు ఎవరి కంటికి కనబడయి కాకా, మిషిన్ తెర మీద గీత లేస్తేనే తెలుస్తది” అన్నది మెల్లగ. “నట్టు తిప్పింది నేను. అప్పుడు నువ్వు బయట తాళంచెవి దేవులాడుతున్నవు.”

బెంచీ మీదోళ్లు పకపక నవ్విండ్లు. సదానందం గ్లాసుల మొఖం వెట్టిండు.

నవ్య ఆయన పక్కన కూసున్నది.

“సారు మాట ఇని బ్యాగు సదురుకున్న ఆనాడు. తాళమేసి పోదామంటె, చెవి దొరుకుతలేదు, జరసేపు ఆగు బిడ్డా అన్నవు. నీ జేబుల తాళంచెవి చప్పుడు నాకినబడుతనే ఉన్నది. ఉత్తగ ఆగుడెందుకని మళ్లొకసారి పంపు ఆన్ చేసి నట్టు జర తిప్పిన. గప్పుడు లేసింది గీత.”

ఈసారి ఎవరు నవ్వలే. నిజమేనా కాకా అన్నడు రయీస్.

సదానందం తలెత్తలే. “గదేం పెద్ద సంగతి” అన్నడు. “గది చెప్తె ఎవరింటరు?”