కొండను లాగిన బెల్టు

ఉషిగోమె గారు అబద్ధాలాడే మనిషి కాదు. జరిగినదాన్ని జరిగినంతవరకే చెప్పి ఊరుకోవడం ఆయనకు చేతకాదు, అంతే. ఉద్యోగమంతా నీటి పైపుల ఆఫీసులో నోరు మూసుకుని చేశారు. ఆ మూసుకున్నదంతా ఇప్పుడు ఆదివారం పొద్దుటిపూట బయటికొస్తోందని ఆయన భార్య కికుయె అభిప్రాయం. పోనీ, ఎవరికేం నష్టం అనుకునేది.

నెలకో ఆదివారం పాత కార్ల వాళ్లంతా కనుమ కింద, రోడ్డు పక్క విశ్రాంతి అంగడి ముందు చేరతారు. కార్లు వరసగా నిలిపి, మడత కుర్చీలు వేసుకుని, మిషన్లో కొన్న డబ్బా కాఫీతో అరచేతులు కాచుకుంటారు. వాళ్ల మధ్య అన్నిటికన్నా పెద్దమాట ఒకటుంది, 'పుట్టినప్పటి ఒళ్లు' అని. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిన కారును అలాగే ఉంచాలి. ఒక మర మారిస్తే నలుగురూ మూతి ముడుస్తారు. రేకుకు కొత్తగా కన్నం పెట్టారంటే ఇక ఆ మనిషి బిడ్డ ఒంటికి చిల్లు పొడిచినట్టే చూస్తారు.

ఆ నవంబరు ఆదివారం చర్చంతా కన్నాల గురించే. హతానో అనే కుర్రాడు చనిపోయిన తండ్రి కారు వేసుకొచ్చాడు. సీటు బెల్టుల చట్టం రాకముందు పుట్టిన బండి కాబట్టి, బెల్టు లేకపోయినా పోలీసులు ఏమీ అనరు. కానీ అతని భార్య సాయొకు నెలలు నిండాయి. బిడ్డను ఆసుపత్రి నుంచి తాతగారి కారులోనే ఇంటికి తేవాలని అతని కోరిక. బిడ్డ కుర్చీని బిగించాలంటే బెల్టు కావాలి, బెల్టు బిగించాలంటే కారు నేలకు కన్నాలు పొడవాలి. మెకానిక్ నగాసె తన వ్యానులో డ్రిల్లు కూడా తెచ్చాడు. రేకు కింద ఇనప పలకలు వేసి బోల్టులు బిగిస్తే ఏనుగు లాగినా ఊడదన్నాడు. హతానో మాత్రం తండ్రి కారు నేలను చేత్తో తడిమి తడిమి, ఏదీ తేల్చుకోలేక, ఉషిగోమె గారి దగ్గరికొచ్చాడు. ఆ గుంపులో అంత పాత కారుకు బెల్టులున్నది ఆయనకొక్కరికే. ముందు సీట్లు రెండింటికీ ఎర్రటి బెల్టులు, మిలమిలలాడే బకిల్స్.

కికుయె క్యాబేజీ ఊరగాయ డబ్బా మూత తీసి అందరికీ అందించింది. నగాసె ఒక ముక్క నమిలి, ఈసారి సరిగ్గా ఊరలేదేమమ్మా అన్నాడు. తొట్టిమీద పెట్టే రాయి ఇంట్లో లేదు బాబూ, నీళ్ల సీసాలు పెట్టి సరిపుచ్చుకున్నాను అంది. అత్తగారి నాటి రాయి అది, క్యాబేజీ మీద పెడితే రెండు రోజుల్లో నీరంతా దిగిపోయేది. సరిగ్గా అప్పుడే ఉషిగోమె గారు చల్లారిన కాఫీని ఊదుకోవడం మొదలుపెట్టారు.

"బెల్టు గురించి నన్నడుగుతున్నావా బాబూ," అన్నారు హతానోతో. "నేను గొప్పలు చెప్పుకునేవాణ్ణి కాను. చిన్న సంగతి, ఇదే కనుమ మీద, వానలో దిగుతున్నాను, అడవిపంది అడ్డమొచ్చింది. బ్రేకు తొక్కాను, బెల్టు పట్టేసింది. నా నెత్తిన టోపీ కూడా కదల్లేదు. అంతే."

"అలాగా," అన్నారు అందరూ. పెద్దవాడు చెబుతుంటే అలాగా అనడం అక్కడి మర్యాద. రెండు అలాగాలు పడ్డాయంటే ఉషిగోమె గారికి గేరు మారిపోతుంది.

కికుయెకు ఆ పంది కొత్త. నిరుడు అది నక్క, అంతకుముందు ఏడాది పిల్లి. అసలు జరిగినప్పుడు ఆమె పక్కనే ఉంది. పిల్లే అడ్డమొచ్చింది, ఈయన హారను కొట్టారు, అది దాని దారిన అది పోయింది.

"అంతే అన్నానుగానీ పంది ఊరుకుంటుందా? అడవిలో తన పరువేం కావాలి? వెనక్కెళ్లి పరిగెత్తుకొచ్చి ఒక్క కుమ్ము కుమ్మింది, కారు పల్టీ కొట్టి లోయలోకి పోయి, ఒక దేవదారు కొమ్మకు చిక్కుకుని తలకిందులైంది. నేను బెల్టుకి గబ్బిలంలా వేలాడుతున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సరే ఖాళీగానే ఉన్నాం కదా అని ఫ్లాస్కు తీసి టీ పోసుకున్నాను. చుక్క ఒలికితే ఒట్టు."

"తలకిందులుగా ఉంటే టీ ఎటు పడుతుందండీ?" అని సాయొ అడిగింది.

"పైకే పడింది తల్లీ. తల అటే ఉంది కదా, నాకు అదే పైన. ఇంతలో రోడ్డుమీద కీచుమని చప్పుడు. చూద్దును కదా, వేన్నీళ్ల ఊటకు స్నానాలకెళ్లి వస్తున్న ముసలమ్మల బస్సు, ముందు చక్రాలు రెండూ గాల్లో. ఇక ఆలోచించలేదు, బెల్టు ఒక కొస కారుకే ఉంచి రెండో కొస ఊడదీసి గిరగిరా తిప్పి విసిరాను, వెళ్లి బస్సు బంపరుకు చుట్టుకుంది. ఇంజను వేశాను. నా బండి ముసలిదేగానీ పౌరుషం ఉన్నది. బస్సు మొత్తం, ముసలమ్మలతో, వాళ్లు కొన్న తినుబండారాలతో సహా రోడ్డెక్కింది. ఒకావిడ నిద్ర కూడా లేవలేదు."

"మీరింకా వేలాడుతూనే ఉన్నారా?" అన్నాడు నగాసె.

"వేలాడుతూనే. ఒకేసారి రెండు పనులు చేయలేనివాడు కారు నడపకూడదు. అసలు సంగతి విను. లాగడం కాస్త ఎక్కువైపోయింది. బస్సు వచ్చేసినా బెల్టు ఆగితేనా, బస్సుతో పాటు రోడ్డు వచ్చింది, రోడ్డుతో పాటు కొండ వచ్చింది. ఏడో మలుపుంది చూడు, సాగిపోయి ఇస్త్రీ చేసినట్టు తిన్నగా అయింది. మర్నాడు సర్వే ఆఫీసువాళ్లొచ్చి నా కాళ్లావేళ్లా పడ్డారు, మ్యాపులన్నీ మళ్లీ అచ్చు వేయించాలి, మా ఉద్యోగాలు పోతాయి అని."

"ఏడో మలుపు పొద్దున వచ్చేటప్పుడు కూడా ఉందండీ," అన్నారెవరో.

"ఎందుకుండదు? జాలిపడి బెల్టు వదిలేశాను, మళ్లీ ముడుచుకుంది."

కుర్చీలన్నీ నవ్వాయి. కికుయె కూడా నవ్వింది, ఆ కొండ ముక్క బాగుంది, పోయినసారి లేదు. నవ్వనిది హతానో ఒక్కడే. నిజంగా కావలసినవాడికి కోతలో కూడా నిజమే వినబడుతుంది. అంత గట్టి బెల్టును కారులో దేనికి బిగించారు, నేలకు ఎన్ని కన్నాలు పొడిచారు అని మర్యాదగా అడిగాడు.

"ఒక్కటి లేదు!" అన్నారు ఉషిగోమె గారు. "పుట్టినప్పటి ఒళ్లు. దానికో చిట్కా ఉంది. మధ్యాహ్నం మీ ఇంటికొస్తాను, నీ కారుకూ నేనే పెట్టిపోతాను. నగాసెను డ్రిల్లు లోపల పెట్టుకోమను."

హతానో ముఖం వికసించింది. తండ్రి కారుకు గాటు పడకుండానే బిడ్డ ఇల్లు చేరుతుంది. నడుం వంచి ఉషిగోమె గారికి నమస్కరించి, మిమ్మల్ని శ్రమ పెట్టాను, ఇవాళ్టికి వద్దులెండి అని నగాసెకు చెప్పాడు. సాయొ రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని హాయిగా ఊపిరి పీల్చింది. కికుయె ఆ చేతులవంక చూసింది. ఇన్నేళ్లలో నలుగురి ముందు భర్త మాటకు ఆమె ఏనాడూ అడ్డురాలేదు. డబ్బా మూత పెట్టి కుర్చీలోంచి లేచింది.

"ఏవండీ, కొండ పని అయిపోయింది కదా. నా ఊరగాయ రాయి ఇక ఇచ్చేస్తారా?"

"ఇంటికెళ్లాక వెతుకుదాంలే," అన్నారాయన.

"ఇంట్లో లేదు. వెనక సీటు దిండు కింద ఉంది. నా బెల్టు కొస దానికే కట్టారు కదా."

ఈసారి ఎవరూ అలాగా అనలేదు. నగాసె వెళ్లి ఉషిగోమె గారి ఎర్ర కారు వెనక సీటు దిండు ఎత్తాడు. గుమ్మడికాయంత రాయి, చుట్టూ ఎర్ర బెల్టు, పార్సెలు కట్టినట్టు ముచ్చటైన ముడి. లాగితే బెల్టు బిగువుగా ఉండడానికి ఆ బరువు సరిపోతుంది, అంతకుమించి దేనికీ సరిపోదు. గట్టిగా బ్రేకు పడితే ఇది ఎగిరొచ్చి అమ్మగారి తలకే తగులుతుందన్నాడు నగాసె.

పోయిన నెల దొర్లిపోయిన నారింజ కోసం దిండు ఎత్తినప్పుడు కికుయె దాన్ని చూసింది. ఒళ్లు మండిపోయింది. అప్పుడే ఆయన వైపు కొస కూడా తడిమి చూసింది. అటు రాయి కూడా లేదు, ఉత్తదే దోపి ఉంది. ఉన్న ఒక్క రాయీ తన వైపే కట్టారన్నమాట. కోపం తెచ్చుకోవాలో జాలిపడాలో తెలియక, నెల రోజులుగా నోరు విప్పలేదు.

"మీ కొండలకీ బస్సులకీ నాకేం బాధ లేదు," అంది ఇప్పుడు. "ఎక్కిన ప్రతిసారీ 'బెల్టు పెట్టుకున్నావా' అని అడిగేవారు. నేను పెట్టుకునేదాన్ని. అదొక్కటే కష్టంగా ఉంది. అదే మాట రేపు ఈ అబ్బాయి తన బిడ్డ తల్లిని అడగకూడదు."

ఉషిగోమె గారు టోపీ తీసి చేతిలో తిప్పారు. "నేను నలభై దాటి నడపను కదే," అన్నారు చివరికి, పక్కవాడికి కూడా వినబడనంత చిన్న గొంతుతో.

హతానో తన కారు తాళం నగాసె చేతిలో పెట్టాడు. కికుయె ముడి విప్పబోయింది, రాలేదు. ఉషిగోమె గారే వంగి విప్పి, రాయిని తన రుమాలుతో తుడిచి ఇచ్చారు. ఆమె దాన్ని మోసుకెళ్లి నగాసె వ్యాను ఎక్కింది, ఒళ్లో పెట్టుకుంది, బెల్టు లాగి బిగించుకుంది.

నగాసె పెట్టె తెరిచి డ్రిల్లు తీశాడు. ఉషిగోమె గారు తన ఎర్ర కారు పక్కనే నిలబడి, ఒక్కో సీటుకు ఎన్ని కన్నాలు పడతాయని అడిగారు. రెండన్నాడు నగాసె. ఆయన కారు తలుపు తీసి పట్టుకుని, ముఖం కొండవైపు తిప్పుకున్నారు.

"వాళ్లది అయ్యాక నా బండి. ముందు ఆవిడ వైపు పెట్టు."