సబీనా కాలి కట్టు

పట్టణ సభ భవనం అడుగున, కొండ వైపు గది. దాన్ని గది అనడం సభ పెద్దల మర్యాద. తాళం బయటే ఉంటుంది. లోపల పనిమనిషి వెరేనా. చూడటానికి వచ్చింది ఆమె పనిచేసిన ఇంటి ఇల్లాలు, సబీనా తల్లి ఊర్సులా.

"కాదు, ముందు పాప ఎలా ఉందో చెప్పండి అమ్మగారూ. తర్వాత మీరేం చెప్పినా వింటాను."

"పియర్ పళ్ల రొట్టె తెచ్చాను. తిను ముందు."

"కిందటేడు పండక్కి అడిగితే ముక్క పెట్టలేదు. ఇప్పుడు తెచ్చారా? పాప ఎలా ఉంది?"

"అలాగే ఉంది. కాలు ముడుచుకునే ఉంది. వైద్యుడు రెండుసార్లు వచ్చి పోయాడు."

"పెద్ద జ్వరం తగిలాక కాళ్లు పట్టేస్తాయమ్మా. మా చెల్లెలికీ అంతే. అలమర్లో మర్మాట్ కొవ్వు, అదే ఆ కొండ ఉడత కొవ్వు, జాడీలో ఉంది, వెచ్చబెట్టి రోజూ..."

"ఆ మాటలే వద్దంటున్నా. రాయమని నువ్వంటావు, మందు పెట్టిందని వాళ్లంటారు."

"ఆ జాడీ మీ వంటింట్లోదేగా."

"వెరేనా, విను. శనివారం సబీనాని ఇక్కడికి తీసుకొస్తారు. అందరి ముందూ నువ్వు ఆ కాలి మీద చెయ్యి వెయ్యాలి."

"నేనా? ఎందుకు?"

"మందు పెట్టిన చెయ్యే తియ్యాలట. పాస్టరు గారు కూడా కాదనలేదు."

"నేనేం పెట్టానని తియ్యను? పుట్టినప్పటినుంచీ ఏడేళ్లు ఈ చేతుల్లోనే పెరిగింది."

"నాకు తెలీదా."

"తెలిస్తే సభలో చెప్పండి."

"సభలో మా ఆయన ఉన్నారు కదా."

"అవును, ఉన్నారు. ఆయన రాత్రిపూట నా గది తలుపు తట్టిన సంగతి నేనెవరికీ చెప్పలేదు. మీరడిగినా చెప్పలేదు."

"ఇప్పుడూ చెప్పకు."

"చెప్తాననే భయంతోనే కదా నన్నిక్కడ..."

"చెప్పకన్నాను."

"సరే. చెయ్యి వేస్తే ఏమవుతుంది?"

"పాప నడుస్తుంది. నిన్ను వదిలేస్తారు."

"చెయ్యి వెయ్యగానే నడిస్తే, చేసింది నేనేనని తేలిపోదూ?"

"ఈ రోజుల్లో మంత్రగత్తె అని ఎవరూ రాయరు. అంతా చదువుకున్నవాళ్లు. విషం పెట్టింది అని రాస్తారు."

"విషం పెట్టినదాన్ని ఏం చేస్తారు?"

"నాకేం తెలుసు."

"మీకు తెలుసు. మెడ నరుకుతారు. నేను వెయ్యను అమ్మగారూ. వేసినా నడవదులెండి, ఒక్క పూటలో ఎక్కడ నడుస్తుంది."

"నడుస్తుంది."

"మీకెలా తెలుసు?"

"నడుస్తుందన్నాను."

"ఎలా తెలుసు? ఇటు చూసి చెప్పండి."

"సోమవారం మంచం దిగింది. కిటికీ దాకా నడిచింది. నీ పేరు పిలుస్తూ నడిచింది."

"మడమ ఆనించిందా?"

"ఆనించింది."

"నా తల్లే. నా బంగారు తల్లే. మరి సభకి చెప్పలేదేం?"

"నువ్విక్కడుండగా అది దానంతట అదే నడిచిందని తెలిస్తే ఆయన పరువేం కావాలి? నిన్ను పట్టిచ్చింది ఆయనే."

"మరి ఇంకా ముడుచుకునే ఉందన్నారు?"

"కట్టేశాం."

"కట్టేయడమేంటి?"

"మళ్లీ మడిచి, గుడ్డతో బిగించి కట్టాం. నువ్వు చెయ్యి వేసే రోజు దాకా విప్పొద్దన్నారు ఆయన."

"సోమవారం నుంచా? ఇవాళ గురువారం. వేళ్లెలా ఉన్నాయి?"

"ఏ వేళ్లు?"

"కాలి వేళ్లమ్మా. రంగెలా ఉంది?"

"కొంచెం నల్లబడ్డాయి. ఏడుస్తోంది. నిన్నటినుంచి ఏడవడం కూడా తగ్గింది."

"విప్పండి. వెళ్లి విప్పండి."

"ఆయన ఒప్పుకోరు. శనివారం నువ్వు కాదంటే వచ్చే శనివారం అంటున్నారు. అప్పుడూ కాదంటే ఆ పై శనివారం."

"మీరు తల్లి కదమ్మా."

"నేనేం చెయ్యను వెరేనా. నువ్వే చెప్పు, నేనేం చెయ్యను."

"శనివారం దాకా ఎందుకు. పాపని ఇవాళే తీసుకురమ్మనండి. చెయ్యి వేస్తాను."