మడమ దిగని నేల

ఐర్లండ్‌లోని కెర్రీలో పందెం ఇంకో గంటలో మొదలవుతుందనగా, సోర్కా అనే గుర్రానికి తర్ఫీదు ఇచ్చిన తండ్రీ, స్వారీ చేయాల్సిన కూతురూ గుర్రాలు దూకాల్సిన చివరి కంచె దగ్గర నిలబడ్డారు.

"ఇక్కడ తొక్కి చూడు నాన్నా. మడమ దిగట్లేదు."

"బోర్డు మీద 'సాఫ్ట్' అనే ఉందిగా. మెత్తటి నేలే."

"అది పొద్దున వాన వెలిశాక రాసింది. అప్పట్నుంచీ గాలి ఎలా కొడుతోందో చూడు. పైన గడ్డి తడిగా ఉందంతే, కింద ఇటుకే అనుకో."

"ఈ ఒక్కచోటేగా. పక్కనుంచి పోనీ."

"మలుపు నుంచీ ఇంతే. సోర్కా కంచె దూకి దిగేది ఆ ముంగాలి మీదే. తెగిన నరం అతుక్కుని ఏడాది కూడా కాలేదు."

"డెవానీ కార్క్ నుంచి ఇంటిల్లిపాదినీ వెంటేసుకొచ్చాడే! గుర్రం ఆయనది. ఏం చెప్పమంటావ్?"

"నిజం చెప్పు."

"చెబితే గుర్రాన్ని వేరేవాళ్ల దగ్గరికి తోలుకుపోతాడు. నీకు దొరికిన మంచి గుర్రం ఇదొక్కటే, అదైనా గుర్తుందా?"

"ఉంది. అయినా నేను ఎక్కను."

"నువ్వు కాకపోతే ఇంకొకడు ఎక్కుతాడు. అడగడమే ఆలస్యం."

"అయితే అడుగు. అది కాలు విరిగి పడితే, కాల్చేయడానికి తుపాకీ తెచ్చేదాకా దాని తల నువ్వే పట్టుకో."

"నోర్ముయ్!"

తండ్రి చేతికర్రను నేలలో గుచ్చాడు. రెండు చేతులా బరువేసి నొక్కాడు. కర్ర వంగింది గానీ దిగలేదు.

"నాన్నా..."

"డెవానీతో నేను మాట్లాడతాలే. నా మనసు మారేలోపు దాన్ని ఇంటికెళ్లే బండెక్కించు."