బాగా వినబడుతోంది

వంటగది. గిన్నెలు తోముతున్న కూతురు, పీట మీద తండ్రి.

“ఎవరిచ్చారు నాన్నా మీ పనివాళ్ళకి ఆ సర్వే కాగితాలు?”

“మేస్త్రి ఇచ్చాడు.”

“ఏ మేస్త్రి?”

“మరమగ్గాల షెడ్డుకి ఎంతమంది మేస్త్రులుంటారే? నేనే. పోలీసులా అడుగుతావేం?”

“అడగనా మరి? సర్వే నాది. ప్రశ్నలు రాసింది నేను. చెవులెలా వినబడుతున్నాయో ఎవరి కాగితం వాళ్ళే నింపి పెట్టెలో వేసి పోవాలని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. మీ ఆఫీసు పంపిన మొత్తాలు నమ్మి చార్టు గీశాను. ఇవాళ కాగితాలు తెప్పించి చూస్తే, టిక్కులన్నీ ఒకే చేతివి! పేరు రాయొద్దంటే ప్రతి దాని మీదా పేరు!”

“పేరు లేని కాగితం ఎందుకు పనికొస్తుంది? జీతం రసీదు మీద కూడా పేరుంటుంది.”

“ఇది జీతం రసీదు కాదు! పేరుంటే ఎవడు నిజం చెప్తాడు, పని పోతుందని హడలి చావక?”

“అరవకు.”

“అరుస్తున్నది నువ్వు నాన్నా. పక్కింటివాళ్ళకి మన సంగతంతా తెలుస్తోంది.”

“నా గొంతే అంత.”

“సరే. టిక్కులు నువ్వెందుకు పెట్టావు?”

“సగం మందికి చదువు రాదు. ఒక్కొక్కణ్ణి నిలబెట్టి ‘ఎలా వినబడుతోందిరా’ అని అడిగాను. ‘బాగా వినబడుతోంది మేస్త్రీ’ అన్నారు. పెట్టాను.”

“ఎక్కడ అడిగావు?”

“షెడ్డులోనే.”

“మగ్గాలు ఆడుతుండగానా?”

“ఆపితే యజమాని ఊరుకుంటాడా?”

“ఓరి దేవుడా! నువ్వడిగిందే వినబడక గుడ్లప్పగించి చూసినవాళ్ళు కూడా ఉండుంటారే. వాళ్ళకేం పెట్టావు?”

“‘బాగా’ అనే.”

“ఏమీ చెప్పకుండానే?”

“మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు.”

“పెద్దల్ని ఇందులోకి లాగకు! మరి పని మానేసి ఇళ్ళల్లో కూర్చున్నవాళ్ళ సంగతేంటి? వాళ్ళనీ అడగమని రాశాం కదా?”

“మానేసినవాళ్ళు మావాళ్ళెలా అవుతారు?”

“చెవులు పోయే మానేశారు నాన్నా! వాళ్ళని వదిలేసి, నోరెత్తనివాళ్ళని ‘బాగా’లో కలిపేసి... నేను గీసిన చార్టులో ఒక కడ్డీ నిచ్చెనంత, పక్కది చీమంత. నూటికి తొంభై ఎనిమిది మందికి బాగా వినబడుతోందట! మీ యజమాని దానికి రంగులు వేయించి గేటుకి తగిలించాడు. గోడలకి చప్పుడు పీల్చే పలకలు ఇక అక్కర్లేదంటున్నాడు. రేపు మా కార్మిక శాఖ ఆఫీసరు సంతకం పెడితే అంతే సంగతులు. కింద ఉండేది నా పేరు!”

“బాగుందనే అంటున్నారు అందరూ.”

“బాగుంటుంది, ఎందుకుండదు? అబద్ధానికి సోకులెక్కువ. ఆ గిన్నె ఇటివ్వు.”

“మా అమ్మాయే గీసిందని చెప్పాను కూడా.”

“గిన్నె ఇటివ్వమన్నాను నాన్నా.”

“ఆఁ? ఇటు తిరిగి మాట్లాడు. కొళాయి చప్పుడులో ఏం వినబడి చస్తుంది?”

“కొళాయి కట్టేసి చాలాసేపైంది.”

“మరి గొణుగుతావేం?”

“నేనేం గొణగలేదు.”

“గొణిగావు! మీ అమ్మా అంతే, నోట్లో నోట్లోనే మాట్లాడుతుంది. ఏమన్నావని అడిగితే నాకు కోపమంటుంది. ఈ ఇంట్లో నేనంటే అందరికీ లోకువ.”

“మాట మార్చకు. ఎందుకు చేశావు ఈ పని?”

“ఎందుకా? వినబడదని రాస్తే చెవుల పరీక్ష పెడతారు. పరీక్ష తప్పినవాణ్ణి మగ్గం దగ్గర ఉంచుతారా? గేటు బయటికి నెడతారు. నీ చార్టు వాళ్ళ పిల్లలకి అన్నం పెడుతుందా?”

“నెట్టడానికి వీల్లేదు. వైద్యం చేయించాలి, చప్పుడు లేనిచోట పనివ్వాలి. రూలుంది.”

“రూలు నీ ఆఫీసులో ఉంటుంది. నేను షెడ్డులో ఉంటాను.”

“అయితే నేనే షెడ్డుకొస్తాను. ఆ చార్టు చింపేసి మళ్ళీ మొదలుపెడతాను. ఈసారి కాగితాల్లేవు, టిక్కుల్లేవు. భోజనాల వేళ మగ్గాలు ఆపించి, ఒక్కొక్కర్నీ వెనకనుంచి పేరుపెట్టి పిలుస్తాను. తిరిగారా, లేదా. కళ్ళతో చూసిందే లెక్క.”

“నా మనుషుల పరువు తీస్తావా? అడుగు పెట్టి చూడు, కాళ్ళు విరగ్గొడతాను!”

“ముందు ఎవర్ని పిలుస్తానో తెలుసా?”

“ఎవర్నైనా పిలుచుకో. నాకేం భయం?”

“నిజంగా భయం లేదా?”

“లేదంటే లేదు!”

“నాన్నా. ఇదిగో, కిటికీ వైపు తిరిగాను. నా మొహం నీకు కనబడదు. గట్టిగానే అంటున్నాను. ఇన్నేళ్ళూ నీది కోపమనుకున్నాం నాన్నా. ఎప్పుడూ అరుస్తావని అమ్మ నీతో మాట్లాడ్డం దాదాపు మానేసింది. నేనూ తగ్గించేశాను. వినబడితే ఒక్కసారి ‘ఊఁ’ అను. రేపు ఆ చార్టు జోలికి వెళ్ళను, ఒట్టు. ‘ఊఁ’ అను నాన్నా, చాలు.”

“ఏం, నోరు పెగలదా? అటు తిరిగి అలిగి నిలబడితే అయిపోయిందా? మౌనం అర్ధాంగీకారం. చార్టు అలాగే ఉంటుంది, నువ్వు ఒప్పుకున్నట్టే!”