కిటికీ పక్క సీటు

చిన్నపాప బడి నుంచి వచ్చేలోగా పెట్టె సర్ది మంచం కిందకు తోసేయాలని ఆమె గబగబా బట్టలు మడతపెడుతోంది. రేపటితో పాపకు తొమ్మిదేళ్లు నిండుతాయి. ఈ ప్రయాణం సంగతి దానికింకా తెలియదు.

"ఏవండీ, కానుకగా సైకిల్ కొనిద్దాం. సముద్రం వద్దు."

"మళ్లీ మొదలుపెట్టావా? పిల్ల గోడంతా సముద్రమే గీస్తోంది. ఇంకో నెలైతే వంటింట్లోకీ అలలొస్తాయి."

"అందుకే భయం. పెద్దదీ తొమ్మిదేళ్లకేగా ఆ అలల్లో పోయింది!"

"దీని చెయ్యి నేను వదలను."

"అప్పుడూ అదే అన్నారు."

అతను పెట్టె మూత వేయబోయి ఆగాడు.

"ఈ నీలం గౌను చిన్నదానిది కాదుగా?"

"పెద్దదానిది. ఆ రోజు వేసుకుంటానని ఎంత గోల పెట్టిందో! ఉప్పునీళ్లకు పాడైపోతుందని లాక్కుని బీరువాలో దాచాను. గౌను మాత్రం భద్రంగా ఉంది."

"ఇప్పుడెందుకు పెట్టావు?"

"మనం ముగ్గురం వెళ్లిపోయి, దాన్నొక్కదాన్నీ ఇంట్లో వదిలేస్తే బెంగపెట్టుకోదూ? పిచ్చిదాన్నని నవ్వండి, ఫర్వాలేదు."

అతను నవ్వలేదు. జేబులోంచి రైలు టికెట్లు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నాలుగున్నాయేంటండీ?"

"ఎంతమందని అడిగితే అలవాటుగా నలుగురమనేశాను. మళ్లీ ముగ్గురమని చెప్పడానికి నోరు రాలేదు."

ఆమె ఒక్కో టికెట్టూ తిప్పి తిప్పి చూసింది.

"కిటికీ పక్క సీటుందా? లేకపోతే పెద్దది దారంతా అలుగుతుంది."

"ఉంది."

ఆమె నీలం గౌనును అన్నిటికన్నా పైన పెట్టి, మూత వేసింది.