విరిచిన చెయ్యి

బాగేపల్లి ఆసుపత్రిలో మంచం మీద మేష్టరు. నిన్న ఆయన కుడిచెయ్యి విరగ్గొట్టినవాడే ఇవాళ కాగితం పట్టుకుని వచ్చాడు.

"పార్టీ తాలూకా అధ్యక్ష పదవికి ఏసిన నామినేషన్ వాపసు తీసుకోప్పా. సంతకం పెట్టు. ఎర్రజెండా ఇడిసి మా పార్టీలోకొచ్చి, మా పార్టీనే మారుస్తానంటే ఎమ్మెల్యే ఊరుకుంటాడా?"

"కూలోళ్ళు నిలబెట్టినారు నన్ను. పార్టీ వాళ్ళది కాదేమిరా?"

"సంతకం పెట్టకుంటే చంపమన్నాడు ఎమ్మెల్యే."

"యా చేత్తో పెట్టాల? నువ్వే విరిచినావే."

అది వాడికి అప్పుడే తట్టింది.

"అయితే వేలిముద్ర వెయ్యి."

"రాత్రిబడిలో నీచేత వేలిముద్ర మానిపించి సంతకం నేర్పినోణ్ణి. నేను వేస్తానా?"

వాడు మేష్టరు ఎడమచెయ్యి లాగాడు. పిడికిలి విడలేదు.

"ఈ వేళ్ళు గూడా విరగ్గొడతా!"

"కొట్టరా. నీది నేను పట్టుకొని దిద్దించిన చెయ్యే గదా. దాని బలం నిన్ననే చూసినా."