సుత్తి అక్కర్లేని కారు

ఆమె సింకు దగ్గర గిన్నెలు తోముతోంది. భర్త గ్రీజు చేతులతో గుమ్మంలో నిలబడ్డాడు.

“మన ముసలి కారుకి కొత్త పొగగొట్టాలు బిగించానోయ్. వాటి పక్కన ఇంజన్‌ని తిప్పే పాత స్టార్టర్ మోటారు పట్టలేదు. చిన్నది, కొత్తది పెట్టేశాను.”

“అంటే ఇక బండి స్టార్టవ్వాలంటే దాన్ని సుత్తితో తట్టక్కర్లేదా?”

“అక్కర్లేదు. తాళం తిప్పితే చాలు.”

“ఇరవై ఏళ్లు నేను తడితేగానీ మీ బండి గేటు దాటలేదు. ఇక ఒక్కరే ఊరేగండి.”

“అలకా? ఇన్నేళ్లూ నిన్ను ఎండలో బానెట్ దగ్గర నిలబెట్టాను. ఇవాళైనా మహారాణిలా ముందే ఎక్కి కూర్చుంటావని కదా ఈ తిప్పలన్నీ!”

“మాటలకేం తక్కువ లేదు. మధ్యలో మొరాయిస్తే?”

“నువ్వున్నావుగా.”

ఆమె చేతులు తుడుచుకుంది. అలమరలోని సుత్తి అందుకుని బయటికి, కారు ముందు సీటు వైపు నడిచింది.